పర్వతాలుకు వచ్చిన మూడు సంబంధాలు

సూర్యాపేటలో పెళ్లీడు పిల్లలున్న ప్రతి ఇంటికీ పర్వతాలు తెలుసు. పెళ్లిళ్లు అయిపోయిన ఇళ్లకు ఇంకా బాగా తెలుసు. వాళ్లలో కొందరు ఆయన కనబడితే రోడ్డు దాటి వచ్చి మరీ తిట్టిపోతుంటారు. సంబంధాలు కుదర్చడం ఆయన పని. అటు కోదాడ, ఇటు మిర్యాలగూడ, నడుమ ఉన్న ఊళ్లన్నీ ఆయన రాజ్యం. తెల్ల అంగీ, తెల్ల ధోవతి, చంకలో ఫోటోల సంచి, మైకు అక్కర్లేని గొంతు. బస్టాండులో నిలబడి ఆయన ఫోన్ మాట్లాడితే ఏ ఊళ్లో ఎవరి పిల్లకు ఎన్నేళ్లొచ్చాయో ప్రయాణికులందరికీ తెలిసిపోయేది.

ఉన్న లోపాన్ని కనబడకుండా నిలబెట్టడం ఆయన విద్య. బట్టతల పిలగాడైతే "నుదురు సూడుర్రి, ఎంత ఇశాలమో" అంటాడు. కోదాడ ఇంజనీరింగ్ కాలేజీలో సబ్జెక్టులు మిగిలిపోయిన పిల్లైతే "ఆ కాలేజీల అందరికన్న ఎక్కువ ఏండ్లు సదివింది మా పిల్లనే" అని గర్వంగా చెప్తాడు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు లెక్కబెట్టే కుర్రాడు ఆయన నోట్లో పడితే "ఆ పిలగాడు ఊ అంటెనే లారీ గేటు దాటేది" అయిపోతాడు. ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించమనండి, చూపించలేరు. అబద్ధాలాడే పెళ్లిళ్ల పేరయ్యలంటే ఆయనకు మహా చిన్నచూపు.

అలాంటి మనిషికి పార్కిన్సన్స్ వచ్చింది. ముందు కుడిచెయ్యి వణికింది, తర్వాత అడుగులు చిన్నవయ్యాయి. మొదటి ఏళ్లలో మాత్రలు బ్రహ్మాండంగా పనిచేశాయి. మాత్ర వేసుకున్న కాసేపటికి లేచి, ధోవతి సర్దుకుని, బస్సెక్కి వెళ్లిపోయేవాడు. మాత్ర దిగిపోతే కూర్చున్నచోట కొయ్యలా ఉండిపోయేవాడు. ఇంట్లో దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు కరెంటు. "కరెంటు వచ్చిందా?" అని భార్య పుష్ప వంటింట్లోంచి అడిగేది, "ఇంక రాలే" అని ఆయన మంచం మీంచి చెప్పేవాడు.

రానురాను కరెంటు వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ అయింది. వచ్చినప్పుడైనా బుద్ధిగా వస్తుందా అంటే అదీ లేదు. ఒక్కోసారి ఒళ్లంతా దానంతటదే ఊగేది. చివ్వెంలలో ఒక పెళ్లిచూపుల్లో పిల్ల తరఫువాళ్లు "దావత్ ఖర్సు మొత్తం మీ పిలగాని దిక్కే కదా?" అని అడిగిన సమయానికి ఈయన తల ఆగకుండా నిలువునా ఊగింది. వాళ్లు సంతోషంగా తాంబూలాలు తీసుకున్నారు. పిల్లవాడి తండ్రి ఇప్పటికీ పర్వతాలుతో మాట్లాడడు.

దావత్‌లది ఇంకో గోల. మాత్రా, మటనూ ఒకేసారి కడుపులో పడితే మటన్ ముందు దూరి మాత్రకు సందివ్వదని డాక్టరు చెప్పాడు. కానీ సంబంధం కుదిర్చిన పెద్దమనిషి విస్తట్లో నల్లి బొక్క పడాల్సిందే కదా, పడ్డాక తినాల్సిందే కదా. అలా తిన్న ఒక రోజు పెళ్లివారింటి గడప మీద కాళ్లు అతుక్కుపోయాయి. ఈ జబ్బువాళ్లకు గుమ్మాలంటే గండం. ఒక అడుగు లోపల, ఒక అడుగు బయట, వెనకాల పెళ్లికొడుకుతో సహా యాభైమంది. పర్వతాలు చెయ్యెత్తి "ఆగుర్రి! రాహుకాలం నడుస్తున్నది. జరసేపు ఎవ్వరు కదలద్దు" అన్నాడు. కాళ్లు వదిలేదాకా అందరూ నిలబడ్డారు. ఇంత పట్టింపున్న మనిషి ఈ కాలంలో లేడని ఆ ఊళ్లో ఆయన పేరు ఇంకా పెరిగింది.

అసలు సంగతి పుష్ప ఒక్కదానికే తెలుసు. పొద్దున మొదటి మాత్ర పడేదాకా ఆయన్ని మంచం మీద ఇటు తిప్పేదీ అటు తిప్పేదీ, అంగీ గుండీలు పెట్టేదీ ఆమె. గుమ్మం దగ్గర కాళ్లు ఆగిపోతే తన పాదం అడ్డంగా పెట్టేది. దాన్ని దాటబోయి ఆయన అడుగు వేసేవాడు. ఆమె తోబుట్టువులకు కూడా ఈ మాట చెప్పకూడదని ఒట్టు. జబ్బు సంగతి తెలిస్తే ఇక ఏ ఇంటివాళ్లూ శుభకార్యానికి పిలవరని ఆయన భయం. ఇల్లు గడవదని కాదు, పిలుపు లేని పర్వతాలు ఎలా ఉంటాడో ఆయనకే ఊహకందదు.

ఆదివారం ఆదివారం సూర్యాపేటకు వచ్చే నరాల డాక్టరు ఒకసారి మాత్రల చీటీ పక్కన పెట్టేశాడు.

"మాత్రల పని ఇక ఇంతే పర్వతాలు గారూ. పెంచితే ఊగుతారు, తగ్గిస్తే బిగుసుకుంటారు. ఇక పరికరాల దారి చూడాలి" అన్నాడు. మూడు దారులున్నాయట. మొదటిది, తలకు చిన్న రంధ్రాలు చేసి మెదడులోకి రెండు సన్నటి తీగలు దించి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ పెట్టడం. రెండోది, నడుముకు చిన్న పంపు కట్టి, పొట్ట చర్మం కింద సూదితో పగలంతా మందు కొంచెం కొంచెంగా ఎక్కించడం. మూడోది, పొట్టకు రంధ్రం చేసి గొట్టంతో మందును నేరుగా పేగులోకి పంపడం. ఇది మన దగ్గర దొరకడం కష్టమనీ, ఉందని మాత్రం తెలుసుకొమ్మనీ చెప్పాడు. "మీకేది సరిపోతుందో హైదరాబాద్ పెద్ద దవాఖానలో తేలుస్తారు. మరీ ఆలస్యం చేయకండి. మతిమరుపు గిట్ల మొదలైతే తీగల దారి మూసుకుపోతుంది."

పర్వతాలు భయపడతాడేమోనని పుష్ప భయపడింది. ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది.

"మూడు సంబంధాలు వచ్చినయే!" అన్నాడు బయటికి రాగానే. "గొట్టం సంబంధం విదేశాలది, మనకు అందది. తీగల సంబంధం పెద్దింటిది, సూది సంబంధం నడిమింటిది. ఇగ నేను ఎంక్వైరీ జేస్త."

ఎంక్వైరీ అంటే ఈ ప్రాంతంలో ఒక పద్ధతుంది. సంబంధం వచ్చిన ఇంటివాళ్లను అడగకూడదు. ఎదురింటివాళ్లను, కిరాణం కొట్టువాణ్ని, పాలు పోసేవాణ్ని అడగాలి. తీగలు పెట్టించుకున్న దుర్గయ్య అనే రిటైర్డు లారీ డ్రైవరు మిర్యాలగూడలో ఉన్నాడని తెలిసి, పర్వతాలు కరెంటున్న వేళ చూసుకుని బస్సెక్కాడు. రైసుమిల్లు ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చుని "ఆ దుర్గయ్య మనిషెట్లాంటోడు?" అని మొదలుపెట్టాడు. కొట్టువాడు అనుమానంగా చూసి "ఆయనకు ఇప్పుడు పిల్లనిస్తరా ఏంది?" అన్నాడు. తర్వాత చెప్పాడు. రెండేళ్ల కింద ఇద్దరు పట్టుకొస్తేగాని రాని మనిషి, ఇప్పుడు పొద్దున్నే నడుచుకుంటూ వచ్చి టీ తాగి వెళ్తున్నాడట.

దుర్గయ్య ఇంటికి వెళ్తే ఆయనే లేచి కుర్చీ వేశాడు. అంగీ గుండీ విప్పి ఛాతీ మీద అగ్గిపెట్టె మందాన ఉబ్బి ఉన్న బ్యాటరీ చూపించాడు. ఏదో చెప్పాడు కానీ పర్వతాలుకు వినబడలేదు.

"ఏందన్నా?"

దుర్గయ్య మళ్లీ చెప్పాడు. ఈసారి పర్వతాలు ఆయన నోటి దగ్గర చెవి పెట్టాడు.

"తలకాయకు రంధ్రం కొట్టేటప్పుడు మెలకువతోనే ఉన్న అంటున్న. చెయ్యి ఆడియ్యమంటే ఆడిచ్చిన. వణుకుడు అక్కడిదక్కడ్నే బందయింది. గొంతే జర తగ్గింది. అందరికి తగ్గదట, నాకు తగ్గింది."

పర్వతాలు వెంటనే లేచాడు. కాళ్లు బాగుపడి గొంతు పోతే ఆ కాళ్లతో వెళ్లి ఏ ఇంట్లో ఏం మాట్లాడతాడు? తిరుగు బస్సులో కూర్చుని, మధ్యమధ్య గట్టిగా దగ్గి గొంతు ఉందో లేదో చూసుకున్నాడు.

తర్వాత కోదాడ. అక్కడ రిటైర్డు టీచరమ్మ త్రివేణికి నడుము పంపు ఉంది. ఆవిడ ఎంక్వైరీకి అవకాశమే ఇవ్వలేదు. పక్కింటివాళ్లను అడుగుతున్నవాణ్ని గేటు దగ్గర నుంచే పట్టుకుంది.

"నా గురించి నన్నడగండి, వాళ్లకేం తెలుసు? రండి, కూర్చోండి. నోట్లో చాక్లెట్ ఉంటే తీసేయండి, నాకు నచ్చదు." ఆయన నోట్లో చాక్లెట్ లేదు, అయినా నోరు తుడుచుకున్నాడు. "ఇదిగో పంపు. పొద్దున్నే మా అమ్మాయి సూది గుచ్చుతుంది, రాత్రి తీసేస్తుంది. రోజూ చోటు మార్చాలి, పొట్ట మీద గడ్డలు కడతాయి. ఒక్కరోజు కూడా సెలవు లేదు దానికి."

"గొంతు బాగనే ఉన్నట్టున్నది మేడం."

"గొంతుకేం, క్లాసులను అదుపులో పెట్టిన గొంతు. ఇంకో సంగతి కూడా చెప్పాలి మీకు. ఈ మందు ఎక్కువైతే కొందరికి పిచ్చి కోరికలు పుడతాయి. నాకు ఫోన్లో చీరలు కొనే పిచ్చి పట్టింది. బీరువా నిండాక డాక్టరుకు చెప్పాం, మోతాదు తగ్గించారు. ఏ మార్పొచ్చినా సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలండీ. దాచామో, మనకే నష్టం."

చివరి మాటలు పర్వతాలు చెవిన పడలేదు. ఆయన మనసు సూది వైపు మొగ్గింది. గొంతు దక్కుతుంది, అది చాలు. రోజూ సూది ఎవరు గుచ్చాలన్న ప్రశ్న ఆయనకు తట్టనేలేదు. మగవాళ్లకు అలాంటి ప్రశ్నలు సాధారణంగా తట్టవు.

హైదరాబాద్ దవాఖాన నుంచి పిలుపొచ్చింది. ముందురోజు రాత్రి నుంచి మాత్ర ఆపి రావాలని గట్టిగా చెప్పారు. మాత్ర లేకుండా ఎలా ఉన్నాడో చూస్తారు, తర్వాత మాత్ర ఇచ్చి ఎంత తేరుకుంటాడో చూస్తారు. ఆ తేడాను బట్టే పరికరం అవసరమా, ఏది పనికొస్తుంది అనేది తేలుతుంది. పుష్ప మాత్రల డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసింది. పొద్దున్నే కిరాయి కారులో ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టింది.

ఇక్కడ పర్వతాలు చేసిన పని వినండి. జీవితమంతా పెళ్లిచూపులు జరిపించిన మనిషి. పెద్దవాళ్లు చూడటానికి కూర్చుంటే బాగా కనబడాలన్నది ఆయన ఎముకల్లో ఉంది. ఉతికిన చొక్కా లేకుండా ఒక్క పిలగాణ్నీ ఆయన ఎవరి ముందూ కూర్చోబెట్టలేదు. అలాంటిది పెద్ద డాక్టర్ల ముందు తనే కొయ్యబొమ్మలా వెళ్లాలా? నార్కట్‌పల్లి దగ్గర కారాపి పుష్ప టీ తేవడానికి దిగగానే, ధోవతి ముడిలో దాచుకున్న, రెండు మాత్రలున్న రేకు తీశాడు. వణికే చేతిలోంచి ఒకటి సీటు కిందికి పోయింది. ఇంకొకటి నోట్లో పడింది. నీళ్లు అందక నమిలి మింగి, ఖాళీ రేకును రుమాల్లో చుట్టేశాడు.

దవాఖానకు చేరేసరికి కరెంటు వచ్చింది. ఊగుడు కూడా లేని మంచి కరెంటు. పరీక్ష చేసే డాక్టరమ్మ పేరు నవ్య.

"రాత్రి నుంచి మాత్ర వేసుకోలేదు కదండీ?" అని అడిగింది.

"మా ఇంటామె డబ్బకు తాళం పెట్టింది మేడం" అన్నాడు పర్వతాలు. అందులోనూ అబద్ధం లేదు.

వేళ్లు ఆడించమంటే ఆడించాడు. లేచి నడవమంటే వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, తిరిగొస్తూ నర్సుకు పెళ్లయిందా అని కూడా కనుక్కున్నాడు. పుష్ప నోరు తెరుచుకుని చూస్తోంది. దేవుడు ఈ ఒక్కరోజుకు కనికరించాడేమో అనుకుంది పాపం.

"మాత్ర లేకుండానే ఇంత బాగుంటే మీకు ఏ పరికరమూ అవసరం లేదు" అంది డాక్టరమ్మ, కాస్త అయోమయంగా. "ఇవే మాత్రలు వాడండి. ఆరు నెలల తర్వాత రండి."

ఫస్టు క్లాసులో పాసైనవాడిలా బయటికొచ్చాడు పర్వతాలు. క్యాంటీన్లో ఇడ్లీ తిని, చేతులు తుడుచుకోవడానికి రుమాలు తీశాడు. దాంతోపాటు మాత్రల ఖాళీ రేకు బల్ల మీద పడింది.

పుష్ప దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు.

"పెండ్లికొడుకువా నువ్వు?" అంది. "డాక్టరమ్మ పిల్లనిస్తదనుకున్నవా?"

"గట్ల కాదే, నలుగురి ముంగట..."

"నలుగురు సూడకుంటే ఎవలు సూడాలె? నేనొక్కదాన్నేనా? ముప్పై ఏండ్ల సంది అందరి లోపాలు దాస్తున్నవ్. పెండ్లయినంక ఆ లోపంతోని ఎవలు కాపురం జేస్తరో ఎన్నడన్న ఆలోశన జేసినవా? రోజు రాత్రి నిన్ను పక్కకు తిప్పి తిప్పి నా నడుము పోయింది. నీ పరువు కోసం నా చెల్లెకు సుత చెప్పుకోలే. ఇయ్యాల ఒక్కనాడు, నిన్ను ఉన్నదున్నట్టు సూస్తమని వాళ్లే పిలిస్తే, గీడ సుత దాస్తివి." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కోపం నీళ్లే. ఆమె సంచి తీసుకుని ముందు నడిచింది.

ఆయన వెనకే లేచాడు. క్యాంటీన్ గుమ్మం దాకా వచ్చాడు. అక్కడ కరెంటు పోయింది. ఒక పాదం లోపల, ఒక పాదం బయట. వెనకాల ప్లేట్లతో, టిఫిన్ డబ్బాలతో జనం. బయట పుష్ప ఆగి చూసింది. ఎప్పుడూ వచ్చి పాదం అడ్డం పెట్టే మనిషి ఈరోజు కదల్లేదు.

"పెద్దాయనా, జర జరుగుర్రి" అన్నారెవరో.

అలవాటైన చెయ్యి పైకి లేచింది. "ఆగుర్రి! రాహుకాలం నడుస్తున్నది."

ఆ రోజు బుధవారం, మిట్టమధ్యాహ్నం. వెనకున్న ఒక పెద్దమనిషి ఫోన్లో క్యాలెండరు తీసి "నిజమే, ఒకటిన్నర దాకా ఉంది" అన్నాడు. అంతే. దవాఖానకు వచ్చినవాళ్లు, మనిషిని ఐసీయూలో పెట్టుకుని ఉన్నవాళ్లు, వాళ్లకు రాహుకాలం చెప్తే ఊరుకుంటారా? ఒకాయన చెప్పులు విప్పి నిలబడ్డాడు. ఒకామె మొగుణ్ని చొక్కా పట్టి వెనక్కి లాగింది. సాంబారు చల్లారిపోతున్నా ఒక్కడు కదిలితే ఒట్టు.

పర్వతాలు వెనక్కి తిరగలేడు, ముందుకు పోలేడు. ఒకటిన్నర దాకా ఎవరూ ఆయన్ని ఏమీ అడగరు. ఆ తర్వాత పుష్ప ఎలాగో కారెక్కిస్తుంది. ఇంటికి పోతారు. ఆరు నెలలు పోతాయి. ఇంకో గుమ్మంలో ఇంకో రాహుకాలం చెప్తాడు, దాన్నీ అందరూ నమ్ముతారు. తన మాటను ఇలా నమ్మేస్తే తనను బాగుచేసేవాడెవడూ ఉండడని అప్పుడు తట్టింది ఆయనకు.

"రాహుకాలం లేదు ఏం లేదు!" అని అరిచాడు. ఆ గొంతుకు క్యాంటీన్ మొత్తం అటు తిరిగింది. "నాకు పార్కిన్సన్స్ జబ్బున్నది. కాళ్లు వడ్తలేవు. పొద్దున డాక్టరమ్మను మోసం జేసిన, దొంగతనంగ మాత్ర మింగి పోయిన. ఎవలన్న పోయి ఆ నవ్య మేడంను పిలువుర్రి. నేను గిట్లనే ఉంట, వచ్చి సూడమనుర్రి!"

రాహుకాలాన్ని పట్టించుకోకుండా ముగ్గురు పరుగెత్తారు.

డాక్టరమ్మ వచ్చింది. గుమ్మంలో ఇరుక్కున్న మనిషిని, బిగిసిన చేతులను, ఆయన ముఖం మీద కారుతున్న నీళ్లను చూసింది. కోప్పడలేదు. ఆ పూటకు మళ్లీ మాత్ర ఇవ్వకుండా పరీక్ష మొదటి నుంచి చేసింది. తర్వాత మాత్ర ఇచ్చి ఇంకోసారి చేసింది. రెండింటికీ ఉన్న తేడా చూసి తల ఊపింది. మర్నాడు ఇంకో ఇద్దరు డాక్టర్లు జ్ఞాపకశక్తీ అవీ పరీక్షించారు. అందులో పాసవడానికి పర్వతాలు ఏ దొంగపనీ చేయలేదు, చేయడానికి ఏమీ దొరకలేదు కూడా.

చివరికి డాక్టరమ్మ మొగుడూపెళ్లాలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టింది.

"తీగలైనా పనికొస్తాయి, పంపైనా పనికొస్తుంది" అంది డాక్టరమ్మ. "తీగలకు పెద్ద ఆపరేషన్, దాని ప్రమాదం దానికుంది. గొంతు కొంచెం తగ్గొచ్చు. పంపుకు ఆపరేషన్ లేదు, కానీ రోజూ సూది. గుచ్చేవాళ్లు ఇంట్లో ఉండాలి. ఏదైనా జబ్బును పూర్తిగా తీసేయదు, మంచి గంటలు పెంచుతుంది. ఏది కావాలో మీరే చెప్పాలి."

నిన్నటి దాకా అయితే పర్వతాలు నోట్లో సమాధానం సిద్ధంగా ఉండేది. ఇప్పుడు ఆయన పుష్ప చేతులకేసి చూశాడు. రాత్రుళ్లు తనను తిప్పే చేతులు, గుండీలు పెట్టే చేతులు. ఇక సూది కూడా వాటికే. వందల పెళ్లిళ్లు చేయించాడు. పిల్లకు ఇష్టమేనా అని పిల్ల తండ్రిని అడిగాడు, మేనమామను అడిగాడు, ఎదురింటివాళ్లను అడిగాడు. పిల్లను మాత్రం ఎన్నడూ అడగలేదు.

"పుష్పా, నీకేది ఇష్టమే?"

పుష్ప కాసేపు నమ్మలేదు. డాక్టరమ్మ వైపు చూసి, మళ్లీ ఆయన వైపు చూసింది.

"తీగలు పెట్టిచ్చుకో" అంది. "తెల్లారగట్ల లేసి సూది గుచ్చుడు ఇగ నాతోని గాదు. ఆ మాట చెప్తె నువ్వేమనుకుంటవో అని రెండు నెలలాయె మింగుతున్న."

"మరి గొంతు తగ్గితే?" పర్వతాలు గొంతు అప్పుడే తగ్గిపోయింది. "నా మాట ఎవలు వింటరే?"

"ఇన్నేండ్లు మూడూళ్లకు వినవడ్డవ్" అంది పుష్ప, ఆయన అంగీ పై గుండీ పెడుతూ. "ఇగ జర మెల్లగ మాట్లాడు. దగ్గర కూసుంటెనే వినవడేటట్టు. నాకు వినవడ్తే సాలు."